పట్టా చేతికి వచ్చిన తరువాత పత్రికా కార్యాలయానికి దారి

ప్రతి సంవత్సరం డిగ్రీ చివరి పరీక్షలు సమీపించే రోజులలో ఒకరిద్దరు విద్యార్థులు నా వద్దకు వచ్చి, "సార్, నాకు పత్రికలలో పనిచేయాలని ఉన్నది. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడగడం పరిపాటి. అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక కవితనో, ఒక చిన్న కథనో రాసి, ఇదే వార్షిక సంచికలో తమ పేరు అచ్చులో చూసుకొని సంతోషించినవారు. ఆ సంతోషానికి, జీవనోపాధికి మధ్య గల దారి ఎట్టిదో వారికి చెప్పేవారు లేరు. వైద్యుడు కావడానికీ, ఉపాధ్యాయుడు కావడానికీ నిర్ణీతమైన మెట్లు ఉన్నవి. ఆ మెట్లు ఇంటి పెద్దలకు కూడా తెలుసు. పత్రికా రచయిత కావడానికి గల మెట్లు మాత్రం వీధిలో నుండి చూసేవారికి కనిపించవు. వాటిని గురించి నాకు తెలిసినంతవరకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట. విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా మనకు విషయ పరిజ్ఞానం ఉన్నదని చెబుతుంది. పత్రిక నడిపే విద్య వచ్చునని అది చెప్పదు. ఆ విద్య కార్యాలయంలో, పెద్దల పక్కన కూర్చుని, తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకోవలసినది. దీనినే ఈనాడు 'ఇంటర్న్‌షిప్' అంటున్నారు. మన పెద్దలకు తెలిసిన మాటలో చెప్పాలంటే ఇది ఉస్తాదు వద్ద షాగిర్దుగా ఉండటమే.

దినపత్రిక వేరు, వార మాస పత్రికలు వేరు

చాలామంది విద్యార్థులు ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తారు. దినపత్రిక నిన్న జరిగినదానిని నేడు చెబుతుంది. వారపత్రిక, మాసపత్రిక జరిగినదాని వెనుక ఉన్న కారణాన్ని, దానితో ముడిపడిన మనుషుల జీవితాన్ని తీరికగా చెబుతాయి. కథ, సీరియల్, సమీక్ష, ముఖాముఖి, ప్రత్యేక వ్యాసం, పాఠకుల ఉత్తరాలు అనేవి వీటి ప్రధాన అంగాలు. తెలుగులో ఈ సంప్రదాయం సుదీర్ఘమైనది. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక వెలసింది. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చారు. 1924లో ఆయనే భారతి మాసపత్రికను నెలకొల్పారు. 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక వెలువడింది.

ఈ భేదం వలన పనివారికి కలిగే తేడా కాలానికి సంబంధించినది. మాసపత్రికలో రంజాన్‌పై ప్రత్యేక వ్యాసం రావాలంటే దాని ఆలోచన షాబాన్ మాసానికి ముందే ఆరంభం కావాలి. ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికల పని రెండు నెలల ముందు నుండే సాగుతుంది. కనుక పండుగ వారం రోజులలో ఉండగా పండుగ వ్యాసం పట్టుకొని సంపాదకుని వద్దకు వెళ్ళే రచయిత, రచన ఎంత బాగున్నా, ఖాళీ చేతులతో తిరిగి రావలసిందే. ఈ చిన్న సంగతి ఏ పాఠ్యగ్రంథమూ చెప్పలేదు. కార్యాలయంలో ఒక నెల కూర్చున్న తరువాత నాకు తెలిసింది.

పెద్దలు నడచిన దారి

పేరు ప్రతిష్ఠలు గడించిన సంపాదకులు సైతం మరొకరి పత్రికలో పని నేర్చుకొన్నవారే. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1912 జూలైలో కలకత్తాలో అల్ హిలాల్ వారపత్రికను ప్రారంభించినప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. ఆ చిన్న వయస్సులో అంతటి పత్రికను ఎట్లా నడిపారని ఆశ్చర్యపోతాము. అయితే అప్పటికే ఆయన లక్నోలో షిబ్లీ నోమానీ ఆధ్వర్యంలోని అల్ నద్వాలోనూ, తరువాత అమృత్‌సర్‌లోని వకీల్ పత్రికలోనూ పనిచేశారు. అల్ హిలాల్‌కు పునాది ఆ కార్యాలయాలలో పడింది.

మన ప్రాంతానికి చెందిన షోయబుల్లా ఖాన్ జీవితాన్ని ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన ఆయన నిజాం ప్రభుత్వంలో కొలువు వెదకక పత్రికా రంగాన్ని ఎంచుకొన్నారు. మొదట ఒక వారపత్రికలోనూ, తదుపరి మందుముల నరసింగరావు గారి ఉర్దూ పత్రిక రయ్యత్‌లోనూ పనిచేశారు. తెలుగు ఇంట పుట్టిన సంపాదకుడు ఉర్దూ పత్రిక నడపడం, ఆయన వద్ద ఒక ముస్లిం యువకుడు పని నేర్వడం ఆనాటి హైదరాబాదులో వింత కాదు. రయ్యత్ మూతపడిన తరువాత 1947 నవంబరులో షోయబుల్లా ఖాన్ స్వయంగా ఇమ్రోజ్ అనే పత్రిక స్థాపించారు. హైదరాబాదు భారతదేశంలో చేరాలని నిర్భయంగా రాసినందుకు 1948 ఆగస్టులో హంతకుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. 'ఇమ్రోజ్' అనే ఫార్సీ మాటకు అర్థం 'ఈ రోజు'. 1974లో విశాఖపట్నం నుండి వెలువడిన తెలుగు దినపత్రిక 'ఈనాడు' పేరుకు కూడా అదే అర్థం కావడం రెండు భాషలూ తెలిసిన మన విద్యార్థులకు ముచ్చట గొలుపుతుంది.

తెలుగులో ముళ్ళపూడి వెంకటరమణ గారు మద్రాసులో ఆంధ్రపత్రికలో ఉపసంపాదకునిగా చేరి, ఆ బల్ల దగ్గరే హాస్య రచయితగా ఎదిగారు. శ్రీశ్రీ గారు కూడా ఆంధ్రప్రభలో కొంతకాలం ఉపసంపాదకునిగా పనిచేశారు. కవి అయినంత మాత్రాన ప్రూఫులు దిద్దే పని తనకు తగదని వారెవరూ అనుకోలేదు.

కార్యాలయంలో తొలి దినాలు

పత్రికలో చేరిన మొదటి రోజుననే తన వ్యాసం ముఖచిత్ర కథనంగా వస్తుందని ఆశించడం అవివేకం. కొత్తగా వచ్చినవారికి సాధారణంగా అప్పగించే పనులు ఇవి:

మొదటిది, వచ్చిన రచనలను చదవడం. వారానికి పదుల సంఖ్యలో కథలు, కవితలు వస్తాయి. వాటిలో ప్రచురణకు తగినవి ఏవి, తగనివి ఏవి, ఎందుకు తగవు అని ఒక చీటీ మీద రెండు వాక్యాలలో రాయాలి. ఇతరుల రచనలోని దోషం రెండు వాక్యాలలో చెప్పడం అలవడితే తన రచనలోని దోషం తానే పట్టుకోగలడు.

రెండవది, ప్రూఫులు దిద్దడం. ల-ళ, న-ణ, శ-ష-స భేదాలు, వత్తులు, విరామ చిహ్నాలు అన్నీ ఇక్కడే పరీక్షకు వస్తాయి. పూర్వం సీసపు అక్షరాలు చేతితో పేర్చినప్పుడు గ్యాలీ ప్రూఫులు వచ్చేవి. నేడు పేజీ అంతా కంప్యూటరు మీద తయారవుతున్నది. అయినా కంటితో చదివి దిద్దే మనిషి అవసరం తీరలేదు.

మూడవది, కుదించడం. ఆరు వందల మాటల వ్యాసాన్ని మూడు వందల యాభైకి తగ్గించి, రచయిత చెప్పదలచినది చెడకుండా చూడాలి. ఎం.ఏ.లో పది పుటల సమాధానాలకు అలవాటు పడిన నావంటి వానికి ఈ పని మిక్కిలి కష్టమనిపించింది.

నాలుగవది, వాస్తవాలు సరిచూడటం. పేరు, ఊరు, తేదీ, సంఖ్య, బంధుత్వం అనే ఐదింటినీ రచయిత మీద నమ్మకంతో వదిలివేయరాదు. శీర్షికలు, ఫొటోల కింది వాక్యాలు రాయడం ఆ తరువాత వస్తుంది. స్వంత వ్యాసం రాసే అవకాశం అన్నిటికంటే చివరిది.

నేను చేసిన ఒక తప్పు

విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ముగించి అధ్యాపకునిగా చేరక ముందు నేను నగరంలోని ఒక వారపత్రికలో నాలుగు నెలలు పనిచేశాను. మూడవ నెలలో నాకు ఒక వ్యాసం రాసే అవకాశం దొరికింది. ఛత్తా బజారు ప్రాంతంలో ఉండే ఒక వృద్ధ కాతిబును గురించి రాయమన్నారు. ఉర్దూ పత్రికలు కంప్యూటరుకు మారక ముందు పత్రికంతా కాతిబులు చేతితో రాసేవారు. కలంతో కాగితం మీద రాసిన ఆ దస్తూరీనే అచ్చుకు ఎక్కించేవారు. 1990ల మధ్యలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చిన తరువాత వారి పని క్రమంగా పోయింది. చాలామంది పెళ్ళి పత్రికల మీద, దుకాణాల బోర్డుల మీద ఆధారపడ్డారు.

ఆయన రెండు పూటలు నాతో మాట్లాడారు. తాను ఇరవై ఎనిమిది సంవత్సరాలు పత్రికకు రాశానని చెప్పారు. నేను వ్యాసంలో ముప్పై ఎనిమిది అని రాశాను. ఎట్లా జరిగిందో నేటికీ తెలియదు. నా పుస్తకంలో సరిగానే ఉన్నది. కాపీ రాసేటప్పుడు తప్పింది. ప్రూఫులలో నేను ఆ సంఖ్యను మూడు సార్లు చదివాను. నేనే రాసినది కనుక మూడు సార్లూ నాకు సరిగానే కనిపించింది.

సంచిక తీసుకొని సంతోషంగా ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. మనుమరాలు చదివి ఉర్దూలో చెబుతూ ఉంటే తల ఊపుతూ విన్నారు. ఆ సంఖ్య వచ్చినప్పుడు ఆపి మళ్ళీ చదివించుకొన్నారు. తరువాత నా వైపు చూసి, "బేటా, నాకు పదేళ్ళు ఎక్కువ ఇచ్చావు. ఆ పదేళ్ళు నాకు ఎవరైనా జీతం ఇచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. కోపగించలేదు. చాయ్ తాగించి పంపారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "మేము ఒక నుక్తా తప్పితే ఆ పుట మొత్తం తిరిగి రాసేవాళ్ళం" అని మాత్రం చెప్పారు.

మరుసటి వారం సవరణ వేయమని నేను సంపాదకులను వేడుకొన్నాను. వారు వేశారు. ఆ రెండు వరుసల సవరణ నాకు పత్రికా రచనలో దొరికిన ప్రథమ పాఠం. ఆ రోజు నుండి ఏ సంఖ్యనైనా మూల కాగితం పక్కన పెట్టుకొని, మరొకరి చేత బయటికి చదివించి సరిచూస్తున్నాను. విద్యార్థుల మార్కుల జాబితాలు కూడా అట్లాగే చూస్తాను.

జీతం సంగతి

ఇక దాచకూడని విషయం చెప్పాలి. ఆ నాలుగు నెలలకు నాకు దక్కినది ఒక అనుభవ ధ్రువపత్రం, కొన్ని దినాల బస్సు చార్జీలు. రెండవ నెల నుండి నేను పూర్తి ఉపసంపాదకుని పని చేస్తున్నాను. అడిగితే 'వచ్చే నెల చూద్దాం' అనేవారు. మా అబ్బా ఒక రాత్రి భోజనం దగ్గర, "ఎమ్మే చదివినది నేర్చుకోవడానికా, నేర్పడానికా?" అని నెమ్మదిగా అడిగారు. నా వద్ద సమాధానం లేకపోయింది. ఇంటికి పెద్ద కొడుకును. చెల్లెలి చదువు మిగిలి ఉన్నది. అధ్యాపక ఉద్యోగం రాగానే పత్రిక వదిలివేశాను. ఆ నిర్ణయానికి నేను పశ్చాత్తాపపడను. కాని నాతో చేరిన మరొక యువకుడు, ఇంటి నుండి నెలనెలా డబ్బు తెప్పించుకోగలిగినవాడు, ఇంకొక సంవత్సరం ఓపిక పట్టి స్థిరపడ్డాడు. అతడు నాకంటె బాగా రాసేవాడని నేను అనుకోలేదు. ఓపిక పట్టే స్తోమత అతనికి ఉన్నది, నాకు లేదు. జీతం లేని పని అందరికీ సమానమైన అవకాశం కాదన్న సంగతి అప్పుడు తెలిసింది. పేదవారి బిడ్డలకు ఆ తలుపు తెరచి ఉన్నట్లే ఉండి మూసుకొని ఉంటుంది.

కనుక విద్యార్థులకు నా సలహా ఇది. చేరక ముందే ఎన్ని వారాలు, ఏ పని, భృతి ఎంత, రాసినది ప్రచురిస్తే పేరు వేస్తారా, పారితోషికం ఇస్తారా అనే విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోవాలి. అడగడం అమర్యాద కాదు. నాలుగు నుండి ఆరు వారాలు నేర్చుకొనే కాలంగా భావించవచ్చు. ఆ తరువాత మన పని సంచికలో నిత్యం వాడుకొంటున్నప్పుడు ప్రతిఫలం కోరడం న్యాయం. ఉద్యోగులైన పత్రికా రచయితల కోసం 1955లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2020లో దానిని కార్మిక కోడ్‌లో విలీనం చేశారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించిన తరువాత ఇంజనీరింగేతర పట్టభద్రులు కూడా దాని పరిధిలోకి వచ్చారు. అట్లా నమోదైన అప్రెంటిస్‌కు భృతి ఇవ్వవలసి ఉంటుంది. నోటి మాట మీద చేరినవారికి ఈ రక్షణలు అందవు. ఇవి గాక, కొన్ని ప్రధాన తెలుగు దినపత్రికలు స్వంత జర్నలిజం పాఠశాలలలో ప్రవేశ పరీక్ష ద్వారా అభ్యర్థులను ఎంపిక చేసి, శిక్షణ కాలంలో భృతి ఇచ్చే సంప్రదాయం ఉన్నది. ఇంటి పరిస్థితి అనుకూలించనివారు మొదట ఆ పరీక్షలకే సిద్ధపడటం మేలు.

2020లో కరోనా వచ్చిన తరువాత అనేక వార, మాస పత్రికల ముద్రణ ఆగిపోయిందన్నది కూడా మరువరాదు. ఉన్న స్థానాలు తక్కువ. అయితే దినపత్రికల ఆదివారం అనుబంధాలు, ఫీచర్ పేజీలు, అంతర్జాల పత్రికలు అదే విద్యను కోరుతున్నవి.

రెండు భాషల బలం

మన కళాశాల విద్యార్థులకు ఇతరులకు లేని ఒక సంపద ఉన్నది. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు. తెలుగు పత్రికలలో మన జీవితం గురించి వచ్చే పొరపాట్లు చాలావరకు ద్వేషం వలన గాక తెలియనితనం వలన వస్తున్నవి. వరుడు వధువుకు ఇవ్వవలసిన మెహర్‌ను వరకట్నంగా రాస్తారు. కర్బలా అమరుల సంతాప దినమైన ముహర్రం పదవ రోజున 'పండుగ శుభాకాంక్షలు' అచ్చు వేస్తారు. ఫాతిమాను 'పాతిమా'గా, ఖాదర్‌ను 'కాదర్'గా మారుస్తారు. డెస్క్ మీద రెండు భాషలూ తెలిసిన ఒక్క ఉపసంపాదకుడు ఉంటే ఇవి అచ్చు కాక ముందే ఆగిపోతాయి. అట్లాగే ఉర్దూ పత్రికలలో తెలుగు గ్రామాల పేర్లు వికృతమైనప్పుడు దిద్దగలవాడూ అతడే. పత్రికా రంగంలో పనిచేసిన ఖాదర్ మొహియుద్దీన్ గారి 'పుట్టుమచ్చ', ఖదీర్ బాబు గారి 'దర్గామిట్ట కథలు' తెలుగు పాఠకుల ఆదరణ పొందినవి. మన ఇళ్ళ మాటకు తెలుగు పుటలలో చోటు ఉన్నదని వారు నిరూపించారు. గోలకొండ పత్రిక చరిత్ర కూడా ఇదే చెబుతుంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. లేరని అన్నవారితో తగవు పెట్టుకొనక, ఉన్నవారిని అచ్చు వేసి చూపారు.

సంపాదకుని ఎట్లా సమీపించాలి

ఏ పత్రికలో చేరదలచారో ఆ పత్రిక గత ఆరు సంచికలు ఆసాంతం చదవండి. సంపాదకుని పేరు, చిరునామా సంచికలోనే అచ్చయి ఉంటాయి. చట్టం ప్రకారం ఉండి తీరాలి. ఉత్తరం ఒక పుటకు మించరాదు. "నాకు చిన్ననాటి నుండి సాహిత్యమంటే ఇష్టం" అనే వాక్యం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది కనుక మీ ఉత్తరంలో వద్దు. మీరు రాయగల మూడు వ్యాసాల ఆలోచనలు, ఒక్కొక్కటి మూడు వాక్యాలలో, రాయండి. అవి మీ ఊరికి, మీ వీధికి చెందినవైతే మరింత మంచిది, ఎందుకంటే నగరంలోని సంపాదకునికి అవి తెలియవు. ప్రచురితమైన రచనల ప్రతులు రెండు మూడు జతపరచండి. కంప్యూటరు మీద తెలుగు యూనికోడ్‌లో వేగంగా రాయడం ముందే నేర్చుకోండి. రెండు వారాలలో జవాబు రాకపోతే మర్యాదగా మరొక ఉత్తరం రాయండి. నా మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. రెండవ దానికి వచ్చింది.

కళాశాల కర్తవ్యం

చివరగా మన కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. ఈ వార్షిక సంచికయే మన విద్యార్థులకు మొదటి పత్రికా కార్యాలయం కావచ్చును. ఇప్పటివరకు రచనల ఎంపిక, ప్రూఫులు అధ్యాపకులమే చూస్తున్నాము. వచ్చే సంవత్సరం నుండి ఉర్దూ విభాగానికి ఇద్దరు, తెలుగు విభాగానికి ఇద్దరు విద్యార్థులను ఉపసంపాదకులుగా నియమించి, వారి పేర్లు లోపలి పుటలో వేయాలని కోరుతున్నాను. ఆ నలుగురిలో ఇద్దరు విద్యార్థినులు ఉండాలి. రెండవ విన్నపం, వేసవిలో ఏదైనా పత్రికలో ఆరు వారాలు పని నేర్వడానికి వెళ్ళే ఇద్దరు నిరుపేద విద్యార్థులకు బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం ఖర్చు కళాశాల నిధి నుండి ఇవ్వాలి. ఇది పెద్ద మొత్తం కాదు. వార్షికోత్సవంలో పూలదండలకు, శాలువాలకు అయ్యే ఖర్చులో కొంత తగ్గించినా సరిపోవచ్చును. స్తోమత లేనందువలన వెనుదిరిగిన ఒకడిగా ఈ మాట రాస్తున్నాను గనుక పెద్దలు అన్యథా భావించరని నమ్ముతున్నాను.

విద్యార్థులారా! మీలో పత్రికా రచన యందు నిజమైన ఆసక్తి గలవారు సెలవుల తరువాత తెలుగు శాఖకు వచ్చి నన్ను కలవండి. వచ్చేటప్పుడు మీ కవితలతో పాటు, మీ వీధిలో ఎవరినైనా ఒకరిని కలిసి మాట్లాడి రాసిన రెండు పుటలు తీసుకొని రండి. అందులోని పేరు, వయస్సు, సంవత్సరాలు సరిచూసుకొని రండి.